తీరిక లేని వీరుడు

కర్ణాటక అంచున ఉన్న మా బాగేపల్లి బస్టాండు పక్కన పరమవీర చక్ర పొందిన ఇరవై ఒక్కమంది పేర్లతో నల్లరాతి గోడ లేచింది. కట్టించింది వీర స్మారక సమితి. దాని అధ్యక్షుడు పురుషోత్తమ్ యుద్ధాన్ని టీవీలో తప్ప చూడలేదు, అయినా మిలిట్రీ టోపీ లేకుండా గడప దాటడు. ఇరవై ఒక్కరిలో మా తాలూకావాడు ఒక్కడూ లేడని ఆయనకు పెద్ద వెలితి. అందుకని అడుగున 'మన ఊరి హుతాత్ముడు' అని కన్నడలో చెక్కించి, ప్రాణమిచ్చినవాడెవడైనా దొరుకుతాడేమో చూడమని గుమాస్తాను ఇంటింటికీ పంపాడు.

గుమాస్తాది ధారవాడ వైపు. తెలుగు రాదు. నా భర్త నాగేశ్ ఎక్కడున్నాడని కన్నడలో అడిగాడు. పాపకు జ్వరం, నా చేతిలో తడిగుడ్డ. కంగారులో తెలుగులోనే చెప్పేశాను.

"మిలిట్రీలో ఉండాడప్పా. తీరిక చేసుకోని వస్తాడు."

కన్నడలో తీరికొండరు అంటే చనిపోయారని. ఆయన చెవికి 'తీరిక' అన్న ముక్కే ఎక్కింది. తల వంచి దండం పెట్టి వెళ్లాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

ఆవిష్కరణకు ముందురోజు సంతకు వెళ్తే, గోడ మీద హుతాత్ముడి కింద నాగేశ్ పేరు మెరుస్తోంది. పైన పూలమాల. బతికున్న మనిషి పేరు అక్కడ ఒక్క పూటైనా ఉండకూడదని పురుషోత్తమ్ దగ్గరికి పరుగెత్తాను.

"అప్పా, ఆయన బతికే ఉండాడు. పేరు తీసేయండి."

"బతికుండాడని పత్రం ఉండాదా?"

"పొద్దన్నే మెసేజి పెట్టినాడప్పా."

"మెసేజి ఎవరైనా పెడతారు. ఆయప్పనే వచ్చి సంతకం పెట్టమను."

"లీవు దొరకాలంటే రెండు నెల్లు."

"రెండు నెల్లు ఉండనీమ్మా, రాయేమన్నా తినేస్తాదా? రేపు మంత్రి వస్తాండారు. తెల్లచీర కట్టుకోని ముందు వరసలో కూచో. ఆ బొట్టు సంగతి కూడా కొంచెం చూసుకో."

గోడ దగ్గర రాళ్లు చెక్కే బయ్యప్ప ఉన్నాడు. ఆ పేరు కొట్టేయమని బతిమాలాను.

"ఆర్డరు లేకుండా ఉలి ముట్టేదానికి లేదమ్మా," అని నన్నూ, చంకలో పాపనూ చూశాడు. "నేను టీకి పోతాండా. ఉలి, సుత్తె ఆడనే ఉంటాయి. పాపను ఇట్లియ్యి, కండ్లలో రాతిపొడి పడతాది."

ఏడో తరగతిలో బడి మానినదాన్ని. కన్నడ కూడబలుక్కుని చదువుతాను. మూడక్షరాలు చెరపడానికి ఆ చదువు చాలింది. బొటనవేలు మాత్రం చితికింది.

మర్నాడు మంత్రి, పేరు చెరిగిన చోట రాతిలో మిగిలిన గుంట ముందు ఆగి, ఇదెవరని అడిగాడు.

పురుషోత్తమ్ టోపీ సర్దుకున్నాడు. "అజ్ఞాత వీరుడు, సార్."

మంత్రి కళ్లు మూసుకుని గుంటకు నమస్కరించాడు. ఫోటోలు తీశారు. నేను ఎర్రచీర కట్టుకుని వెనక నిలబడ్డాను. పక్కావిడ కళ్లొత్తుకుంటూ, "ఎవరు కన్న బిడ్డో పాపం. పెండ్లన్నా అయినాదో లేదో," అంది.

"అయినాదిలేక్కా," అన్నాను.