ఖాళీ కాగితం మీద నలభై సంతకాలు

పుష్పమ్మ కుళాయికి పాతచీర ముక్క కట్టి తిప్పింది. గుడ్డలో నల్లటి మడ్డి నిలిచింది. మురుగు కంపు. ఏలూరుకి గంట దూరంలో ఉన్న ఆ చిన్న మున్సిపాలిటీలో, చర్చి వెనక వీధికి ఆరు నెలలుగా ఇవే నీళ్లు. పక్కింటి పెర్సిస్ కూతురు షారోన్ వాంతులు, విరేచనాలతో ఏలూరు ఆసుపత్రిలో చేరి మూడు రోజులయింది.

అయినా పుష్పమ్మ ధైర్యంగానే ఉంది. వార్డు కౌన్సిలర్ ఆనంద్ పాల్ ఆ వీధి పిల్లాడే. సండే స్కూల్లో ఆవిడ దగ్గర వాక్యాలు అప్పజెప్పినవాడే. ఎన్నికల్లో ఆవిడే ఇంటింటికీ తిరిగి అతనికి ఓట్లడిగింది.

పోయిన నెల అతను వచ్చి, "కొత్త పైపులైనుకి అర్జీ పెడదామండీ, పిన్నిగారూ. వీధంతా సంతకాలు కావాలి. పైన రాయాల్సింది నేను టైపు చేయిస్తాను" అన్నాడు.

పుష్పమ్మ చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. ముందు సంతకాలు, తీరిగ్గా తీర్మానం. సమాజంలో ఇరవై ఏళ్లుగా అదే పద్ధతి. అందుకే ఆవిడకి అనుమానం రాలేదు. ఖాళీ కాగితం మీద మొదటి సంతకం తను పెట్టి, మొత్తం నలభై పోగుచేసి అతనికిచ్చింది.

ఈ రోజు అర్జీ ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది. ఇంజనీరు శ్యామ్ సుందర్ ఫైలు తీశాడు.

"అర్జీ ఏమీ లేదండీ. నీళ్లు బాగున్నాయని మీ వీధివాళ్లే రాసిచ్చారు కదండీ."

"మేమా?"

ఆయన ఫైలు ఆవిడ వైపు తిప్పాడు. 'మా వీధికి శుభ్రమైన తాగునీరు అందుతున్నది. మాకు ఎటువంటి ఫిర్యాదులూ లేవు.' కింద మొదటి సంతకం ఆవిడదే.

"ఇది చూసే మీ వీధిని పైపుల జాబితాలోంచి తీసేశారండీ. ఫిర్యాదు లేని వార్డని మీ కౌన్సిలర్‌కి బహుమతి కూడా ఇచ్చారు."

పుష్పమ్మ తిన్నగా ఆనంద్ పాల్ ఇంటికి నడిచింది. అతను వరండాలో డబ్బా నీళ్లు తాగుతున్నాడు. ఆ కాగితం సంగతి అడిగింది.

"వార్డుకి పేరొస్తే నిధులు అవే వస్తాయండీ, పిన్నిగారూ. కాస్త ఓపిక పట్టండి."

"షారోన్‌కి సెలైన్ ఎక్కుతోంది, బాబూ. ఆ పిల్లని ఓపిక పట్టమని నువ్వే వెళ్లి చెప్పు."

అతను ఫోను చూసుకున్నాడు.

సాయంత్రం పుష్పమ్మ ఆడవాళ్లందరినీ చర్చి మెట్ల దగ్గర కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. పెర్సిస్ అంది:

"అతను మోసం చేశాడు సరేనండీ. కాగితం తెచ్చింది మీరు కదా, అక్కా. మీ మొహం చూసేగా పెట్టాను."

పుష్పమ్మ ఈసారి ముందు విషయమంతా రాసి, రెండుసార్లు పైకి చదివి, కాగితం ముందుకు జరిపింది. పదకొండు మంది పెట్టారు. మిగతావాళ్లు లేచి వెళ్లిపోయారు. పెర్సిస్ ఆసుపత్రికి క్యారేజీ సర్దుకుంటూ, "ఇక ఎవరికీ సంతకం పెట్టనక్కా" అంది.

పదకొండు సంతకాలతోనే పుష్పమ్మ మర్నాడు ఆఫీసు మెట్లెక్కింది. కమిషనరు ముందు ఆ కాగితం పెట్టి ఒక్కటే మాట చెప్పింది:

"ఫిర్యాదు లేని వార్డు బాగున్న వార్డు కాదండీ. మా కష్టం దాచిపెట్టి పేరు తెచ్చుకునేవాడు నాయకుడు కాడు. ఆ కష్టాన్ని మీ బల్ల మీదకి తెచ్చేవాడే నాయకుడు."