కాగులో కలిసిన పాలు

అధికారి కత్తితో చీజ్ చెక్కు గీరేస్తుంటే సంత సంతంతా కళ్లప్పగించి చూస్తోంది. బండి చక్రమంత చీజ్ అది. అంచు చుట్టూ అచ్చుపడిన ‘వాల్‌ఫ్రెస్’ అనే పేరు పొట్టుపొట్టుగా రాలి ఉర్బెన్ ముసలాయన బూట్ల మీద పడుతోంది. పక్కన ఇద్దరు పోలీసులు.

“ఉత్త చీజ్ అని అమ్ముకోండి. వాల్‌ఫ్రెస్ అనకూడదు.”

“ఈ లోయ పేరేంటి సార్?” అడిగాడు ఉర్బెన్.

“వాల్‌ఫ్రెస్.”

“మరి నా ఆవులు మేసేదెక్కడ?”

“పెద్దాయనా, చట్టం ఒప్పుకోదు.”

“మీ చట్టం పాలిస్తుందా?”

జనం ఘొల్లున నవ్వారు. సిడోనీ మాత్రం నవ్వలేదు. ఆ చక్రాన్ని చేసింది ఆమే. లోయ రైతులంతా రెండు పూటలా పాలు తెచ్చి ఒకే రాగి కాగులో పోస్తారు. కాగు కింద మంట పెట్టి, పాలు విరిచి, చక్రాలు కట్టేది సిడోనీ.

ఆ పేరును కాపాడటానికే ఒకప్పుడు చట్టం తెచ్చారు. ఈ లోయ గడ్డి, పచ్చి పాలు, కట్టెల మంట ఉంటేనే అది వాల్‌ఫ్రెస్. తర్వాత దెల్‌బ్రియే కంపెనీ కింద మైదానంలో ఫ్యాక్టరీ పెట్టింది. ఆ పేరుకి నిబంధనలు రాసే సంఘంలో ఎక్కువ సరుకు తీసేవాడికి ఎక్కువ ఓట్లు. ఒక్క సమావేశంతో అంతా తలకిందులైంది. ఇప్పుడు మైదానం కూడా వాల్‌ఫ్రెసే. పచ్చి పాలు, కట్టెల మంట నిషేధం. కాపలా పెట్టిన కంచే చేను మేసింది.

ఆ మధ్యాహ్నమే కాగు చుట్టూ చేరారు రైతులు.

“పేరు కోసం చస్తామా?” అన్నాడు ఆన్సెల్మ్. “కంపెనీ ట్యాంకర్ గుమ్మంలోకొస్తుంది. పాలు పోసి చేతులు దులుపుకోవచ్చు.”

“సిగ్గులేదురా?” ఎవరో అరిచారు.

“సిగ్గు నా పిల్లల కంచంలో పెట్టమంటావా? పదావులవాణ్ణి. నీకున్న దొడ్డి నాకుందా?”

అతనిది అబద్ధం కాదు.

“ఆన్సెల్మ్, పేరు పోతే మన చీజ్‌ని సంతలో అడిగేవాడుండడు,” అంది సిడోనీ. “అప్పుడు అందరం ట్యాంకర్‌కే పోస్తాం. ఆ రోజున రేటు చెప్పేదెవరు? నువ్వా, వాడా? వాడికి కావలసింది పేరు కాదయ్యా, మన మెడ.”

ఉర్బెన్ లేచి వెళ్లి ఇంట్లోంచి చీజ్‌కి అచ్చు వేసే కొయ్య చట్రం ఒకటి తెచ్చాడు. లోపలి అంచున లోయ పేరు చెక్కి ఉంది. “మా అమ్మది. ఆ చట్టం పుట్టకముందు సంగతి.”

“ఇంకోసారి ఆ అచ్చు వేస్తే జైలే,” అన్నాడు ఆన్సెల్మ్.

“ఎవరికి?”

“చేసినవాళ్లకి. సిడోనీకి.”

అందరి చూపులూ ఆమె మీద పడ్డాయి. సిడోనీ చట్రాన్ని అందుకుని వేడినీళ్లతో కడిగింది. “రేపటి పాలకి ఇదే వేస్తాను.”

మర్నాడు అందరితోపాటు ఆన్సెల్మ్ కూడా పాలు తెచ్చాడు. తలెత్తకుండా కాగులో పోశాడు. ఆ కాగుకి అవే అతని ఆఖరి పాలు. ఆ సాయంత్రమే కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

వేసవంతా చక్రాలు నేలమాళిగలో పండాయి. వేసవి మేత ముగించి ఆవులు కొండ దిగే పండగనాడు సిడోనీ మొదటి చక్రాన్ని సంతలో పెట్టింది. అంచున పేరు మెరుస్తోంది. పక్క లోయ బ్రెనో వాళ్లు కూడా వచ్చి గుంపులో నిలబడ్డారు. కంపెనీ కన్ను ఇప్పుడు వాళ్ల చీజ్ పేరు మీదే ఉంది.

పోలీసు వ్యాన్ రానే వచ్చింది.

“ఇది ఎవరు చేశారు?” అన్నాడు అధికారి.

“నేను.”

“ఎక్కు.”

ఉర్బెన్ కర్ర ఊతంగా అడ్డం నిలబడ్డాడు. “పాలు నావి. నన్నూ ఎక్కించండి.”

“మా పాలూ ఉన్నాయి,” అంది వెనకనుంచి ఒకామె.

“మావీ!”

“ఎవరి పాలు ఏవో చెప్పండి!” అధికారి కసిరాడు.

“కాగులో పోశాక అదెవడు చెప్తాడు సార్? మీరే కత్తితో గీరి చూసుకోండి!” అన్నాడు ఉర్బెన్.

అంతలో పూలు కట్టిన ఆవులు, మెడ గంటలు మోగించుకుంటూ వ్యాన్‌ని చుట్టేశాయి. ముందు నడుస్తున్నది ఆన్సెల్మ్ మంద. అతను ఆగాడు. చక్రాన్ని చూశాడు, సిడోనీని చూశాడు.

“నువ్వు కంపెనీ మనిషివి. ఆవుల్ని తోలుకుపో,” అన్నాడు అధికారి.

ఆన్సెల్మ్ చక్రం వైపు చెయ్యి చూపాడు. “ఈ చక్రంలో నా పాలున్నాయి సార్. సంతకం తర్వాత పెట్టాను. పాలు ముందు పోశాను.”

అతను వ్యాన్ దగ్గరికి వచ్చి బేడీలకి చేతులు చాపాడు.

వ్యాన్ చాలలేదు. పాలు పోసినవాళ్లందరినీ నడిపించుకుపోయారు. దారిపొడుగునా గంటలు మోగుతూనే ఉన్నాయి.

ఠాణా వరండాలో కూర్చున్న సిడోనీకి పొద్దు వాలేకొద్దీ ఒకటే బెంగ. పిల్లలూ ముసలమ్మలూ పాలు పితుకుతారు, సరే. కాగు దగ్గర ఎవరున్నారు? పాలు రేపటిదాకా ఆగవు. కాగు చల్లారితే కంపెనీ గెలిచినట్టే.

“సిడోనీ, అటు చూడు,” ఆన్సెల్మ్ మోచేత్తో పొడిచాడు.

లోయ చివర, కాగున్న తమ పాలశాల పొగగొట్టంలోంచి దట్టమైన పొగ లేస్తోంది.

“బ్రెనో వాళ్లు మన కాగు కింద మంట పెట్టారు!” ఉర్బెన్ కళ్లు చికిలించాడు. “పచ్చికట్టెలు పెట్టి చచ్చారు వెధవలు. ఆ పొగేంటి!”

“బయటికెళ్లాక నేర్పుదాంలే,” అన్నాడు ఆన్సెల్మ్.

“మన కాగు దగ్గర కాదు,” అంది సిడోనీ. “రేపు వాళ్ల సంతకీ కత్తి వస్తుంది. వాళ్ల పేరుతో ఒక చట్రం చెక్కి, మనమే వాళ్ల కాగు దగ్గరికి వెళ్దాం.”