విజిల్ వినిపించని స్టాపు

కూరలో ఉప్పు తక్కువైందని భర్త అనడం ఏ ఇంట్లోనైనా జరిగేదే. భార్య దాన్ని ఒప్పుకోకపోవడం అంతకంటే మామూలు. అందుకే ఆ ఇంట్లో నెలల తరబడి సాగిన గొడవ వెనక ఒక పెద్ద జబ్బు దాక్కుని ఉందని ఎవరికీ తోచలేదు.

ఆయన సిటీ బస్సు కండక్టరు. డ్యూటీకి వెళ్ళేముందు కంచం దగ్గర కూర్చుని, మొదటి ముద్దకే మొహం చిట్లించేవాడు.

"ఏం వండావే ఇది? తాళంచెవి నాకినట్టుంది."

"ఆ రుచి కూడా తెలుసన్నమాట మీకు," అనేది భార్య.

ఆయన ఉప్పు డబ్బా లాక్కుని ధారాళంగా చల్లుకునేవాడు. ఆమె మూకుడు మార్చింది, నూనె మార్చింది, ఆఖరికి పక్కింటావిడ చేత వండించి, చెప్పకుండా వడ్డించింది. దానికీ అదే మాట! ఆమె గెలిచింది. ఆ గెలుపు సంబరంలో అసలు ప్రశ్న వేసినవాళ్ళు లేరు. తప్పు కూరది కాకపోతే మరి ఎక్కడుంది?

మనిషికి కుదురు కూడా పోయింది. కూర్చుంటే కాళ్ళు ఆడిస్తూనే ఉండాలి, లేస్తే గుమ్మానికి వీపు రుద్దుకోవాలి. సాయంత్రం మేజోళ్ళు విప్పితే వాటి అంచు కాలి మీద లోతుగా అచ్చు పడి ఉండేది. భార్య డాక్టరు మాటెత్తితే నవ్వేసేవాడు.

"రోజంతా నిలబడే ఉద్యోగం. కాళ్ళు వాయక ముక్కు వాస్తుందా?"

కాళ్ళ నొప్పులకు మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని పిప్పరమెంట్లలా మింగేవాడు. ఒకప్పుడు బీపీకి మాత్ర వాడేవాడు. ఒకసారి చూపించుకుంటే సరిగ్గా ఉందన్నారు. సరిగ్గా ఉన్నదానికి మందెందుకని మానేశాడు. మాత్ర వేసుకోబట్టే సరిగ్గా ఉందన్న ఆలోచన ఆయనకు రాలేదు. చదువుతున్న మనలో ఎందరికి వచ్చింది?

ఆయన ఎక్కే బస్సు నడిపేది భార్య అన్నగారే. ముందు సీట్లో బావ, వెనక తలుపు దగ్గర బావ, మధ్యలో జనం. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. విజిల్ పడితేనే బస్సు కదిలేది. కొన్నాళ్ళుగా ఆ విజిల్ సన్నబడింది.

"ఏం బావా, నీ విజిల్‌కి జలుబు చేసిందా?" అన్నాడు డ్రైవరు.

"పాతబడింది బావా."

డ్రైవరు ప్రేమగా కొత్తది కొనిచ్చాడు. దానికీ జలుబు చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం మార్కెట్ స్టాపులో జనం ఎక్కడం అయిపోయింది. విజిల్ రాలేదు. డ్రైవరు అద్దంలోకి చూశాడు, హారన్ కొట్టాడు. "ఇంకెంతసేపయ్యా, కూరగాయలు ఇక్కడే వండుకోమంటారా?" అని ఎవరో విసుక్కున్నారు. ఇంతలో వెనక నించి కేక వినిపించింది. కండక్టరు మెట్టు మీద కూలబడి, కమ్మీ పట్టుకుని, నీళ్ళలోంచి తీసిన చేపలా నోరు తెరుస్తున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఊదడానికి ఊపిరేదీ?

డ్రైవరు బస్సును ఆస్పత్రి వైపు తిప్పాడు. "మా స్టాపు ఇటు కాదు," అన్నాడొకాయన. "ఇవాళ ఇటే," అన్నాడు డ్రైవరు.

పరుగున వచ్చిన భార్య, "గుండెపోటా అమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ పరీక్షల కాగితాలు పక్కన పెట్టింది. "గుండె దెబ్బతిన్నమాట నిజమే. మొదలు మాత్రం కిడ్నీల దగ్గరుంది. బీపీని పట్టించుకోకపోవడంతో అవి ఏళ్ళుగా పాడవుతూ వచ్చాయి, నొప్పి బిళ్ళలు ఇంకా తొందర పెట్టాయి. ఒంట్లో ఉప్పూ నీరూ బయటికి పోక నిలిచిపోయాయి. ఆ నీరే కాళ్ళలోకి దిగింది, ఊపిరితిత్తుల్లోకి చేరింది. రక్తం తయారవడానికి కూడా కిడ్నీలే సాయపడాలి. అవి చేతులెత్తేస్తే రక్తం తగ్గింది. ఉన్న కాస్త రక్తాన్నీ, పెరిగిన బీపీకి ఎదురు నెట్టి నెట్టి గుండె అలిసిపోయింది. దురద, కాళ్ళు కుదురుగా ఉండకపోవడం, నోట్లో ఇనుము రుచి, అన్నీ ఒక్కచోటివే."

"అయితే... నా కూర?"

"మీ కూర తప్పేం లేదమ్మా."

ఇన్ని నెలలుగా ఆమె కోరుకున్న తీర్పు అదే. తీరా అది చేతికొచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, "మనిషి దక్కుతాడా?" అంది.

"ఇప్పటికి గండం గడిచింది. కిడ్నీల్లో పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. ఉప్పు తగ్గించాలి, బీపీ మందు ఒక్కరోజు కూడా మానకూడదు, సొంత వైద్యం కట్టిపెట్టాలి. డయాలసిస్ అవసరం ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలు."

మంచం మీంచి కండక్టరు ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు తీశాడు. "నాకక్కడ ఎప్పుడూ నొప్పే లేదండీ."

"అదే చిక్కు. చాలావరకు పాడయ్యేదాకా కిడ్నీ నోరెత్తదు. దాని బదులు కాళ్ళు చెప్తాయి, నాలుక చెప్తుంది, ఆఖరికి గుండె అరుస్తుంది. మనం ఒక్కోదానికి ఒక్కో సాకు చెప్పి నోరు మూయిస్తాం. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ఏటా రక్తం, మూత్రం పరీక్ష చేయించుకుంటే ముందే దొరికిపోతుంది."

గుమ్మం దగ్గర నిలబడిన డ్రైవరు మెల్లగా వెనక్కి జరిగాడు. "బస్సు రోడ్డు మీదే ఉండిపోయింది, డిపోలో పెట్టేసొస్తా."

చెల్లెలు చొక్కా పట్టుకుంది. "నీకూ బీపీ ఉందని వదిన చెప్పిందే?"

"అదెప్పటి మాట! నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"బావా," అన్నాడు మంచం మీది మనిషి, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ, "నేనూ... అచ్చం ఇలాగే అన్నాను."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. చెల్లెలు అతన్ని నర్సు ముందు కూర్చోబెట్టి చొక్కా చేయి పైకి మడిచింది. బీపీ పట్టీ బిగుస్తుంటే గుండ్రాయి మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు మూసుకుంది.

"భయపడకు అన్నయ్యా," అందామె. "నొప్పి పుట్టేదాకా ఆగి చూపించుకునే జబ్బు కాదిది, ఒంట్లో బాగుందనుకున్నప్పుడే చూపించుకోవాలి."