ఎర్ర ముద్దలు

"నీ చేతులు మళ్ళీ ఆ స్పిరిట్ కంపే" అంది అత్తగారు, నేను ఆవిడ ఒళ్ళు తుడుస్తుంటే. ల్యాబ్‌లో రోజుకి ముప్ఫైసార్లు రాసుకుంటాను, ఎంత కడిగినా వాసన పోదు. తుంటి విరిగి ఆవిడ మంచం పట్టి మూడు నెలలైంది. దుప్పటి మార్చి, వంట ముగించి, పరుగున చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "ఆ నాచు పెంచకపోతే ప్రపంచం ఆగిపోతుందా?" అన్నాడు.

అది నాచు కాదు. ఎక్కడో కొండల్లో పెరిగే మొక్క వేరులో కాలిన గాయాలకి పనికొచ్చే ఎర్రటి మందుంటుంది. వేరు ముదరడానికి ఐదేళ్ళు పడుతుంది, తవ్వితే మొక్క చస్తుంది. అందుకని ఆ మొక్క కణాల్నే గాజు సీసాల్లో పెంచి, వాటిచేత మందు చేయిస్తాం. మూడు వారాలకోసారి కణాల ముద్దల్ని కోసి పోషకాలు కలిపిన కొత్త జెల్లీ మీదకి మార్చాలి. చిక్కంతా అక్కడే. తెల్లగా బొద్దుగా ఉన్నవి గబగబా పెరుగుతాయి, వాటిలో మందుండదు. వంకరటింకరగా, ఎర్రగా ఉన్నవాటినే ఏరాలి. ఏడేళ్ళుగా ఏరుతున్నది నేనే.

ఆ రోజు కత్తిని మంటలో కాల్చానో లేదో, ఒక కొత్తమ్మాయిని వెంటబెట్టుకుని మా ల్యాబ్ సారు వచ్చాడు.

"మీ ఆయన ఫోన్ చేశారమ్మా. అత్తగారి కోసం మానేస్తున్నారటగా, మంచి పని. ఈ అమ్మాయికి కాస్త చూపించి వెళ్ళండి. ఎంతసేపు, ముక్కలు కోయడమేగా!"

పొద్దున కాఫీ ఇచ్చినప్పుడైనా ఆయన చెప్పలేదే! ఏడేళ్ళుగా సెలవంటూ ఎరగను, జ్వరమొస్తే మాత్ర మింగి వచ్చాను, అదంతా ఒక్క ఫోన్‌కాల్‌తో సరి. రేపటినుంచి ఆ మంచం, ఆ పొయ్యి, అంతే. చచ్చిపోదామన్నంత దిగులు కమ్మింది. ఏడవడానికీ లేదు, ఒక్క చుక్క పడితే సీసా బూజు పడుతుంది.

కొత్తమ్మాయి పక్కన కూర్చుంది. "అక్కా, ఇవి తియ్యనా? భలే ఉన్నాయి" అంటూ తెల్లవాటి మీద కత్తి పెట్టింది. నాలుగుసార్లు అలా మారిస్తే ఎరుపన్నది మిగలదు. పోతే పోనీ, నాకేం, అనుకున్నాను. అనుకుంటూనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

గ్లవుజులు తీసేశాను. సారు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. మా ఆయన ఆఫీసు నంబరు వెతికి, ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మేనేజరు ఎత్తగానే ఆయన పేరు చెప్పి, "భార్యనండీ. వాళ్ళమ్మగారు మంచంలో ఉన్నారు. చూసుకోడానికి ఆయన ఉద్యోగం మానేస్తున్నారు" అన్నాను.

మేనేజరు గొంతు పెంచాడు.

"అదేంటమ్మా! మానేస్తే ఆయన చెప్పాలి గానీ, ఆయన ఉద్యోగం మీరెలా మానిపిస్తారు?"

నేను సారు మొహంలోకి చూశాను.