పెద్దాయన చూపుడు వేలు

ట్రాన్స్‌ఫార్మర్లలో పోసే నూనె కరెంటును ఎంత గట్టిగా అడ్డుకుంటే అంత మంచిది. నూనె శుభ్రంగా ఉంటే మీటరులో అంకె పెద్దగా వస్తుంది. కొలిచే గిన్నెకు రవ్వంత చెమట తగిలినా చతికిలబడుతుంది.

ఆ నూనెను పరీక్షించే ల్యాబులో అక్కాచెల్లెళ్లిద్దరు పనిచేసేవారు. పదమూడేళ్లు పనిచేసిన అక్కను ల్యాబు నడిపే పెద్దాయన ఆ చెమట వంకతోనే గెంటేశాడు. మంచి నూనె మూడుసార్లు పాడైనట్టు తేలింది మరి. గిన్నె సర్ది నూనె పోసింది ఆయనే. అంకెలు రాసి సంతకం పెట్టింది అక్క.

"చేతులు కడుక్కోవడం రానివాళ్లకి ల్యాబెందుకమ్మా?" అన్నాడు అందరి ముందూ. ఆ తర్వాత ఏ ల్యాబూ అక్కను గడప తొక్కనివ్వలేదు. పక్క బల్ల దగ్గరున్న చెల్లెలు ఆ మాట మింగింది గానీ అరిగించుకోలేదు.

ఎందుకంటే ఆమె కళ్లారా చూసింది. తడి ఆరిందో లేదో అని గిన్నె లోపల ఒట్టి వేలు పెట్టి చూడడం ఆయనకు పాతికేళ్ల అలవాటు. చెబితే ఎవరు నమ్ముతారు? పళ్లు బిగబట్టి ఏడు నెలలు కాచుకుంది.

తమ నూనె మళ్లీ పాడైందని తేల్చారంటూ అమ్మినవాళ్లు గొడవ చేయడంతో హెడ్డాఫీసు నుంచి అధికారిణి వచ్చింది. ముందు చెల్లెలి చేత కొలిపించింది. అంకె భేషుగ్గా వచ్చింది.

"ఇప్పుడు మీరు చేయండి," అంది పెద్దాయనతో.

చెల్లెలు గిన్నె కడిగి, ఆరబెట్టి అందించింది. గ్లవ్స్ మాత్రం అందించలేదు. వేలు పెట్టరా, పెట్టు అనుకుంది, ఇన్నాళ్లూ సార్ అని పిలిచిన మనిషినే.

పెట్టాడు. నూనె పోశాడు. అంకె వందో వంతుకు పడిపోయింది.

"చూశారా, నూనె బాగాలేదు," అన్నాడు దర్జాగా.

"ఇందాకటి సీసానే కదండీ ఇది. లోపల వేలెందుకు పెట్టారు?" అంది అధికారిణి.

"తడి ఉందేమోనని... ఎప్పుడూ చూసేదే."

"ఎప్పుడూనా?" అధికారిణి పెన్ను తీసింది. "ఆ మూడుసార్లు కూడానా?"

పెద్దాయన మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. చెల్లెలి వైపు తిరిగి పళ్లు నూరాడు. "గ్లవ్స్ ఇవ్వాలని తెలీదా నీకు?"

"తెలుసు సార్. అక్క రోజూ మీ ముందు పెట్టేది. మీరే పక్కకి తోసేవారు."

అధికారిణి అక్క ఫోన్ నంబరు అడిగింది. చెల్లెలు తడుముకోకుండా చెప్పింది. తర్వాత తీరిగ్గా కుళాయి తిప్పి, సబ్బు తీసి పక్కన పెట్టింది.

"ఇలా రండి సార్. చేతులెలా కడుక్కోవాలో నేను నేర్పిస్తా."