పదకొండో వేలు

నేను ఒక వేలిముద్రల యంత్రాన్ని. సబ్బుబిళ్లంత ఉంటాను. ఏ దేశంలో పుట్టానో నా వీపు మీది స్టిక్కర్ చెప్పేదే గానీ, అసలు ధర కనపడకూడదని దాన్ని ముందే పీకేశారు. నాకొచ్చిన విద్యలు రెండు. వేలు తెలిసినదైతే పచ్చలైటు వెలిగించి, పేరు పెట్టి స్వాగతం చెబుతాను. తెలియనిదైతే ఎర్రలైటు వెలిగించి ఊరుకుంటాను. ఈ కాస్త తెలివితోనే ఒకావిడ ఉద్యోగం పోగొట్టాను కాబట్టి, బాగా తెలివైనవాళ్లు ఏం చేయగలరో మీరే ఊహించుకోండి.

గుంటూరు శివార్లలో మిర్చి నిలవచేసే ఒక కోల్డ్ స్టోరేజీకి నన్ను తెచ్చారు. వారం తిరక్కుండా తుమ్మడం నేర్చుకున్నాను. వైరు లూజయిందనుకున్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందనీ, ఇకమీదట ఎవరు దించిన బస్తా వివరాలు వాళ్లే నా మీద వేలు పెట్టి ఎక్కించాలనీ హెడ్డాఫీసు హుకుం. నేర్పడానికి హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే ట్రైనర్ దిగాడు. గోడ మీద ఇంగ్లీషు బొమ్మలు వేసి మధ్యాహ్నమంతా మాట్లాడాడు. అర్థమైందా అంటే అందరూ అర్థమైందన్నారు. సమోసాలు అప్పటికింకా పంచలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి నా మీద వేలు పెట్టారు. కారం, చెమట, సమోసా నూనె. నాకు కళ్లు మండిపోయి అందరికీ ఎర్రలైటే చూపించాను. నిఖిలేష్‌కి బస్సు టైమవుతోంది. అప్పుడే చేతులు కడుక్కుని వచ్చింది సామ్రాజ్యం గారు, గేటు దగ్గర చీటీలు రాసే గుమాస్తా. ఆవిడ బొటనవేలు ఆనించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నిఖిలేష్‌కి కూడా.

"మేడమ్, మీ వేళ్లు భలే పడుతున్నాయి. వీళ్లందరివీ మీవాటితో కానిచ్చేద్దామా?"

"పెద్దాయన పేరయ్యగారిది ముందు కానియ్ బాబూ. నాది చివర్న చూద్దాంలే" అందావిడ.

అలా పది వేళ్లూ పదిమంది పేర్ల మీద ఎక్కేశాయి. చివర్న ఆవిడ వంతు వచ్చేసరికి ఇద్దరూ ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కాలివేలు పనికొస్తుందేమోనని బస్తాలు కాటా వేసే పేరయ్య అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆలోచించారు. ఈలోగా బస్సొచ్చేసింది.

అయినా ఆవిడ వాళ్లకి నేర్పకుండా వదల్లేదు. రోజూ అన్నం తిన్నాక ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టేది. తెర మీద ఈ గడి మన మూడో గది, దీని కింది గడి అందులో అర, బస్తాని మోసుకెళ్లినట్టే అంకెని మోసుకెళ్లి అక్కడ దించాలి అని చెప్పేది. నాక్కూడా అర్థమైంది. వాళ్లు హరికథ విన్నట్టు తలలూపి, ఎలాగూ వేలు నీదే కదా, ఆ చేత్తోనే కొట్టెయ్యమనేవాళ్లు. కొన్నాళ్లకి తలలూపడం కూడా మానేశారు. ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుంటే నలుగురి పని ఆగిపోయేది.

ఏడాది తిరిగేసరికి హెడ్డాఫీసు నుంచి ఒకే పార్సిల్లో ఒక షీల్డూ, ఒక కవరూ వచ్చాయి. షీల్డు మేనేజర్ చలమారెడ్డికి, సిబ్బందికి సాఫ్ట్‌వేర్ అద్భుతంగా అలవాటు చేసినందుకు. కవరు సామ్రాజ్యం గారికి, ఏడాదిలో ఒక్కసారైనా దాన్ని ముట్టుకోనందుకు. రేపు, ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదట.

ఆవిడ మేనేజర్ చూస్తుండగా వచ్చి నా మీద బొటనవేలు పెట్టింది. "స్వాగతం, పేరయ్య గారూ" అన్నాను. నాకు అబద్ధం రాదు. నిజం చెప్పడం కూడా అంతంతమాత్రమే.

చలమారెడ్డి షీల్డుని రుమాలుతో తుడుస్తూ, "తెలుసమ్మా. అయితే ఇది వచ్చేసింది కదా ఇప్పుడు" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి పదిమందినీ చూసింది. "ఒక్క వేలు తిరిగిచ్చెయ్యండయ్యా. చిటికెన వేలైనా చాలు."

ఇచ్చినవాడు రేపట్నుంచి రానక్కర్లేనివాడవుతాడు. పైగా నేర్చుకోలేదని తేలిపోతుంది. పదిమందీ నేల మీద రాలిన తొడిమల్ని పరీక్షగా చూశారు. పేరయ్య మాత్రం గొంతు సవరించుకుని, "నాకింకో ఎనిమిది నెల్లేనే అమ్మాయ్ రిటైర్మెంటు. లేకపోతే బొటనేలే ఇచ్చేసేవాణ్ణి" అన్నాడు.

సామ్రాజ్యం గారు టిఫిన్ క్యారేజీ తీసుకుని బయటికి నడిచింది. పదిమంది ఉద్యోగాలు ఆ చేతులతోపాటే గేటు దాటాయి. ఎవరూ చూడలేదు. షీల్డు ఏ గోడకి తగిలించాలో చూస్తున్నారు.

మర్నాడు పొద్దున పదిమందీ వరసగా నా మీద వేళ్లు పెట్టారు. ఎర్రలైటు. నొక్కారు, ఊదారు, చొక్కాతో తుడిచారు. ఎర్రలైటే. గేటు బయట మిర్చి లారీలు బైపాస్ దాకా ఆగిపోయాయి. మధ్యాహ్నానికి చలమారెడ్డి తేల్చేశాడు, యంత్రం పాడైందని.

ఇప్పుడు నేను స్టోర్‌రూమ్‌లో మాడిపోయిన బల్బులతో ఒకే డబ్బాలో ఉంటున్నాను. మంచి సాంగత్యమే, అబద్ధాలాడవు. పక్కగదిలో ముఖాలు చూసే కొత్త యంత్రం బిగిస్తున్నారు. నిఖిలేష్ మళ్లీ వచ్చాడు. సమోసాల వాసన వస్తోంది. అర్థమైందా అంటున్నాడు. అర్థమైందంటున్నారు.