కాకి, కొంగ, పావురం

మా షెడ్డులో పొగకి మూడు పేర్లు. నల్లగా వస్తే కాకి, తెల్లగా వస్తే కొంగ, నీలంగా వస్తే పావురం. కాకి అంటే ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతోందని. కొంగ అంటే ఎక్కడో నీళ్లు లోపలికి దిగుతున్నాయని. పావురం అంటే ఆయిల్ కాలుతోందని. పెళ్లైన కొత్తలో నేను పెట్టిన పేర్లివి. అప్పటికి నాకు ఇంజను గురించి ఓనమాలు కూడా రావు గాని పిట్టలు బాగా తెలుసు.

మా ఆయన కార్ల మేస్త్రి. కారులో కూర్చుని ఆయన స్టార్టు చేస్తారు, వెనక సైలెన్సర్ దగ్గర నేను నిలబడతాను. రాత్రంతా చల్లబడ్డ ఇంజను పొద్దున్నే మొదటిసారి లేచినప్పుడు ఓ నాలుగు ఊపిర్ల సేపు నిజం చెబుతుంది. ఆ తర్వాత వేడెక్కి అందరిలాగే అబద్ధాలకి దిగుతుంది. ఆయన సీట్లోంచి లేచి వెనక్కి వచ్చేసరికి పిట్ట ఎగిరిపోతుంది. అద్దంలో చూసుకుంటే చాలదా అని అడిగే మేధావులు ఉంటారు. అద్దంలో పొగంతా ఒకటే రంగు. పోనీ ఇంకొకరిని కూర్చోబెట్టి ఈయన వెనక్కి రావచ్చు కదా అంటే, మొదటి తొక్కుడు ఆయన కాలితోనే పడాలి, ఆ వణుకు ఆయన అరికాలికే తెలియాలి. ఈ ఒక్క విషయంలో బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా వినరు.

అలా ముప్ఫై ఒక్క ఏళ్లు. "ఏం పిట్టే?" అని ముందు నుంచి ఆయన కేక, వెనక నుంచి నా జవాబు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, జరిగిందే చెబుతున్నాను. గొప్ప అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

పోయిన ఏడాది నుంచి లోకం మెత్తబడింది. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురింటి మెట్లు, చెట్టు, చెట్టుకి ఆనించిన సైకిలు, అన్నీ కలిసి మంచులో నానుతున్నట్టుండేవి. మొదట్లో నిజంగా మంచేననుకున్నాను. మండుటెండల్లో కూడా మంచు విడవకపోయేసరికి సంగతి అర్థమైంది. వీధి దీపాల చుట్టూ ఉంగరాలు మొలిచాయి. షెడ్డు గోడకి తగిలించిన పానాలు ఒకదాంట్లోకి ఒకటి కరిగి మెరిసేవి. పాత టైర్లు, తుప్పు డబ్బాలు, గోడ మీద నూనె మరకలు, అంత మొరటు చోటు కూడా తెల్లవారుజాము కలలో చూసినట్టు నున్నగా, దూరంగా, ఎవరిదో అయినట్టు ఉండేది. నిజం చెప్పొద్దూ, నాకది బాగానే ఉండేది. పక్కింటావిడ మొహం కూడా నాకు ఆ ఏడాదే నచ్చింది.

బాగుందని ఊరుకోవచ్చు గాని, భయం ఊరుకోనివ్వదు కదా. కంటికి పొర వచ్చిందని తెలిస్తే మా ఆయన ఏమంటారో నాకు తెలుసు. "ఇంక నువ్వు ఇంట్లో కూర్చోవే, నేను చూసుకుంటాలే" అంటారు. ప్రేమగానే అంటారు. అందుకే ఇంకా భయం. ఆ షెడ్డులో నాదంటూ ఉన్నది సైలెన్సర్ వెనక రెండడుగుల నేల. అది పోతే నేనెవరినో నాకే తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నోరు మూసుకున్నాను. అదృష్టం కొద్దీ ఆ ఏడాది వచ్చిన బండ్లన్నీ కాకులే. కాకి ఎంత మసక కంటికైనా తెలుస్తుంది.

అప్పుడొచ్చింది పశువుల డాక్టరమ్మ కారు.

ఆవిడ వారమంతా ఆవులకీ గుర్రాలకీ సూదులు పొడిచి, ఆదివారాలు కొండ దారి పందేల్లో కారు నడుపుతుంది. ఎర్రటి కారు, నేలని నాకుతున్నట్టు కిందకి ఉంటుంది. సోమవారం సాయంత్రం తెచ్చి షెడ్డులో పెట్టింది.

"బాబాయిగారూ, వెనకొచ్చేవాళ్లు పొగ, పొగ అని గోల పెడుతున్నారు. వచ్చే ఆదివారం పందెం ఉంది. పొగ కనిపిస్తే మొదటి మలుపులోనే జెండా ఊపి ఆపేస్తారు."

"ఏం రంగటమ్మా?" అన్నారు మా ఆయన.

"తలో రంగు చెబుతున్నారు. నడిపేవాళ్లకి తమ పొగ కనబడదు కదండీ. దిగుడులో కాలు తీసి మళ్లీ తొక్కితే మాత్రం గుప్పుమంటోందట."

ఆయన తల పంకించి, "వాల్వు సీళ్లు ఎండి ఆయిల్ దిగుతోందేమో. పొద్దున్న తెలిసిపోతుందిలే, మా ఆవిడ చూస్తుంది" అన్నారు.

మంగళవారం పొద్దున్న చూశాను. ఇంజను ఒక్కసారి గర్జించి సర్దుకుంది. సైలెన్సర్ లోంచి వచ్చింది మెల్లగా విచ్చుకుని, నా చీర కుచ్చిళ్ల దాకా పాకి, పోయింది. తెల్లగా ఉంది.

"ఏం పిట్టే?"

"కొంగ."

ఆయన రేడియేటర్ మూత తీశారు. నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజీ పెట్టారు. పిస్టన్లు ఆడే నాలుగు బోర్లూ కవల పిల్లల్లా ఒకే అంకె చూపించాయి. అంటే పిస్టన్ రింగులు బాగున్నాయి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ కూడా బాగున్నట్టే. డిప్‌స్టిక్కు లాగితే ఆయిల్ మాత్రం వేలు మందం తగ్గింది. ఆయన చాలాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డారు.

బుధవారం పొద్దున్న మళ్లీ చూశాను. ఈసారి కొంచెం దగ్గరగా వంగాను. నీళ్ల పొగ కాస్త తియ్యగా వాసనేస్తుంది. ఇది అలా లేదు, మూకుడులో నూనె మాడినట్టు గొంతు పట్టుకుంది. ముక్కు పావురం అంది. కన్ను కొంగ అంది. ముప్ఫై ఒక్క ఏళ్లు నా పరువు కాపాడింది కన్ను, ముక్కు కాదు.

"కొంగేనండీ" అన్నాను.

ఆయన గేజీని అనుమానించారు. వెళ్లి ఇంకో షెడ్డులోంచి మరో గేజీ తెచ్చి పెట్టి చూశారు. అదే అంకె. డిప్‌స్టిక్కుని అనుమానించి తుడిచి తుడిచి మళ్లీ ముంచారు. డాక్టరమ్మ చెప్పిన మాటనీ, ఆవిడకి చెప్పినవాళ్లనీ అనుమానించారు. నన్ను మాత్రం అనుమానించలేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు అదే గుండెల్లో గుచ్చుకుంటుంది.

మధ్యాహ్నం డాక్టరమ్మ కారు చూసుకోవడానికి వచ్చింది. వస్తూనే, "బాబాయిగారూ, చొక్కా అదిరింది! ఇంత నీలం చొక్కా మీ మీద నేనెప్పుడూ చూడలేదు" అంది.

ఆయన నవ్వి, "ఇదిగో, మీ పిన్నిగారిని అడుగు. కొన్న రోజు నుంచీ బూడిద రంగు చొక్కా, బూడిద రంగు చొక్కా అని ఏడిపిస్తోంది" అని బానెట్ కిందకి దూరిపోయారు.

నేను ఆ చొక్కా వంక చూశాను. బూడిదే. ఎంత కళ్లు చిట్లించినా బూడిదే. ఏడిపించడానికి కాదు, నాకు కనిపించిందే అన్నాను. ఆయన వేళాకోళమనుకున్నారు.

డాక్టరమ్మ నన్నే చూస్తోంది. "పిన్నిగారూ, ఇలా వెలుగులోకి రండి ఒకసారి."

"నా కళ్లకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాను.

"కళ్లని నేను అనలేదే!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఆవిడ నన్ను గుమ్మం దాకా నడిపించి, బొటనవేలితో రెప్ప పైకెత్తి చూసింది. వేలికి మందుల వాసన, పశువుల వాసన.

"పొర బాగా ముదిరింది. మా ముసలి గుర్రాలకి ఇలాగే వస్తుంది."

"నేను గుర్రాన్ని కాదమ్మా."

"గుర్రమైతే చెప్పిన మాట వినేది. చిన్న ఆపరేషనండీ, భయపడక్కర్లేదు. మనుషుల డాక్టరు దగ్గరికే పంపిస్తాలెండి. ముందు నీలం పోతుంది పిన్నిగారూ, మిగతా రంగులు తర్వాత. బాబాయిగారికి తెలుసా?"

నేను బానెట్ కింద ఉన్న ఆయన వంక చూశాను. "నేను చెప్పను. మీరే చెప్పుకోండి" అని చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం షెడ్డులో వెలుగు పసుపుగా వాలింది. ఆయన బోర్లించిన డబ్బా మీద కూర్చుని, నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూనే ఉన్నారు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి.

"నీ కన్ను తప్పదు. గేజీలు రెండూ తప్పవు. ఇంక తప్పేది నేనేనే" అన్నారు. "నా బుర్ర తిరగడం మానేసింది. రేపు డాక్టరమ్మకి కారు ఇచ్చేసి, వేరేవాళ్లకి చూపించుకోమంటాను. బోర్డు కూడా దించేద్దాం. తెలియనప్పుడు మానుకోవడం మర్యాద."

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన నోట 'తెలియదు' అన్న మాట నేను వినలేదు. నా రెండడుగుల నేల కాపాడుకోవడానికి ఆయన షెడ్డంతా తవ్వేశానని అప్పుడు తెలిసింది. చెప్పాలనుకున్నాను. "పొద్దున్న ఇంకొక్కసారి చూద్దాం లెండి" అని మాత్రం అన్నాను.

గురువారం ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఆయన కారులో కూర్చుని తాళం పెట్టబోతుంటే నేను వెనక్కి వెళ్లలేదు. తిన్నగా ఆయన తలుపు దగ్గరికి వెళ్లాను.

"దిగండి."

"ఎందుకు?"

"నేను కూర్చుంటాను. మీరు వెనక నిలబడండి."

"పొద్దున్నే ఏమొచ్చిందే నీకు?"

"నాకు పావురం కనబడదండీ" అన్నాను. "ఏడాదైంది. కళ్లకి పొర వచ్చింది. మీ చొక్కా నాకు బూడిద రంగే. మీ బుర్రకేం కాలేదు, గేజీకేం కాలేదు. తప్పింది నేను. షెడ్డులోకి రానివ్వరేమోనని చెప్పలేదు."

ఒక్క ఊపిరిలో అనేశాను. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చుండిపోయారు. మొహం నాకు సరిగ్గా కనబడలేదు. ఆ క్షణంలో పొర ఉన్నందుకు సంతోషించాను.

"ఏడాదా?" అన్నారు చివరికి. "ఏడాది పాటు ఒక్కదానివే దాచుకున్నావా?" తిడతారనుకున్నాను. తలుపు తీసుకుని దిగి, నా భుజం మీద చెయ్యేసి, జాగ్రత్తగా లోపల కూర్చోబెట్టారు.

ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. స్నానాల తొట్టిలో కూర్చున్నట్టు లోతుగా ఉంది, ఆయన వేడి ఇంకా అందులోనే ఉంది. ఎదుటి అద్దం నిండా తెల్లవారుజాము పాలు విరిగినట్టు తేలుతోంది. తాళం తిప్పాను. అరికాలి కింద ఇంజను మేలుకుంది. ఆ వణుకు మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి పొట్టలోకి పాకింది. ఈయన ఈ తొక్కుడు ఎవరికీ ఇవ్వనిది ఇందుకా అనుకున్నాను.

నాలుగు ఊపిర్లు అయిపోయాయి. వెనక నుంచి మాట లేదు.

"ఏం పిట్టండీ?" అని నేనే కేక వేశాను.

నెమ్మదిగా, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు, "పావురం" అన్నారు. "ఒసేయ్, నిజంగా పావురమేనే. మెడ దగ్గర ఉంటుందే, ఆ రంగు. ఇంత బాగుంటుందని ఎప్పుడూ చెప్పలేదేం?"

నేను స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాను. సంతోషమో, సిగ్గో, రెండూనో.

ఆ రోజు హెడ్ దించకుండానే పని కానిచ్చారు. ప్లగ్గు తీసిన కంతలోంచి నూలు తాడు లోపలికి దోపి, పిస్టన్ పైకి తెస్తే, తాడు ముద్ద వాల్వుల్ని కిందకి జారకుండా ఎత్తి పట్టుకుంటుంది. అప్పుడు స్ప్రింగులు విప్పి సీళ్లు మార్చుకోవచ్చు. స్ప్రింగు విప్పినప్పుడల్లా నా వేలు తీసుకెళ్లి వాల్వు కాడ మీద పెట్టి, "ఊగుతోందా?" అని అడిగారు. కాడ జారే గైడ్లు అరిగితే కాడ ఊగుతుంది. పదహారింటికీ చూశాను. మూడో బోరులో ఒక్కటి వెంట్రుక మందం ఊగింది. "ఈ పందేలకి లాగుతుందిలే" అన్నారు. తీసిన సీళ్లు నా అరచేతిలో పోశారు. ఎండిన నిమ్మతొక్కల్లా గట్టిపడి, అంచులు పగిలి ఉన్నాయి. కొత్తది చెవి తమ్మెలా మెత్తగా ఉంది.

"నీ కంటికి కూడా ఇంత తేలిక పనేనటగా" అన్నారు తాడు చుడుతూ. డాక్టరమ్మ ఆయనకి చెప్పలేదు. ఆయనే ఆవిడకి ఫోన్ చేసి అడిగారట. వచ్చే మంగళవారానికి ఆపరేషను ఖాయం చేసేశారు కూడా. నన్ను ఒక్క మాట అడగలేదు. నేనూ పోట్లాడలేదు.

శనివారం పొద్దున్న కారు పరీక్ష. నేను డ్రైవరు తలుపు వైపు నడిచాను.

"అటెక్కడికి? వెనక్కి నడు" అన్నారు.

"నాకు కనబడదు కదండీ."

"కనబడాల్సింది ఈ రోజు ఏమీ ఉండకూడదు. నీకు ముక్కుంది కదా."

వెనక నా రెండడుగుల నేల మీద మోకాళ్లు వేసి కూర్చున్నాను. ఇంజను లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. కాస్త పెట్రోలు, కాస్త ఇనుము, తడి నేల వాసన. మాడు వాసన లేదు. ఇంకో నాలుగు ఊపిర్లు పీల్చాను. ఆయన కాలు తీసి మళ్లీ తొక్కారు. లేదు.

"ఏం పిట్టే?"

నా ఎదురుగా అంతా తెలుపే. పొగ ఉన్నా తెలుపే, లేకపోయినా తెలుపే. కళ్లు మూసుకున్నాను.

"ఏ పిట్టా లేదండీ."

ఇంజను ఆగింది. తలుపు చప్పుడైంది. వెనక్కి వచ్చి చూసుకుంటారని మోకాళ్ల మీదే ఎదురుచూశాను. ఆయన రాలేదు. బానెట్ మూసి, డాక్టరమ్మకి ఫోన్ చేసి, "వచ్చి తీసుకెళ్లమ్మా, పొగ లేదు. మా ఆవిడ చూసింది" అన్నారు.